గోడలు మూసుకోకముందే: కడుతున్న యూనివర్సిటీ భవనాన్ని సహోద్యోగులతో చూసి రావడం ఎలా?

"కొత్త బిల్డింగ్ బాగా లేచిందట, అందరం ఒకసారి వెళ్లి చూసొద్దాం" అని డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు అంటారు. పదిహేను మంది బయల్దేరతారు. హెల్మెట్లు పెట్టుకుని ఫొటోలు దిగుతారు, పై అంతస్తు కిటికీలోంచి కనబడే చెట్లను మెచ్చుకుంటారు, "నా గది ఏది?" అని అడిగి తిరిగొచ్చేస్తారు. అసలు సంగతులన్నీ సామాను తీసుకుని దిగిన రోజున బయటపడతాయి.

నేను కూడా ఒకప్పుడు అలాగే వెళ్లొచ్చాను. మాకు చూపించిన ల్యాబ్ విశాలంగా ఉంది, వెలుతురు బావుంది. తలుపు వెడల్పు మాత్రం మాలో ఒక్కరూ కొలవలేదు. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ వచ్చిన రోజున అది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తలుపు చట్రం ఊడదీసి, గోడ అంచు చెక్కి, ఫ్రీజర్‌ను లోపలికి జరిపి, మళ్లీ చట్రం బిగించేసరికి వారం పట్టింది. ఆ వారమంతా మా నమూనాలను నాలుగు ల్యాబుల వాళ్లను బతిమాలి తలా ఒక అరలో సర్దుకున్నాం. కట్టినవాళ్ల తప్పేమీ లేదు, డ్రాయింగ్‌లో ఉన్న తలుపే పెట్టారు. ఆ గుమ్మంలోంచి మేమంతా నడిచి వెళ్లాం కూడా. దాన్ని ఫ్రీజర్ కళ్లతో చూసినవాళ్లు లేరు.

అందుకే ఇప్పుడు ఎవరైనా సైట్ చూడటానికి వెళ్తున్నామంటే ఒకటే చెబుతాను. భవనాన్ని చూడటానికి వెళ్లకండి, అక్కడ మీ పని ఒకసారి చేసి రావడానికి వెళ్లండి. దానికి ఎలా సిద్ధమవ్వాలో, సైట్‌లో ఏం చూడాలో, తిరిగొచ్చాక ఏం చేయాలో వరుసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: సరైన సమయం పట్టుకోండి

శ్లాబులు పడి, పిల్లర్లు మాత్రమే నిలబడి ఉన్నప్పుడు వెళితే మీకు పెద్దగా ఏమీ అర్థం కాదు. పైగా అది ప్రమాదకరమైన దశ. కాంక్రీటు బలాన్ని సాధారణంగా 28 రోజుల లెక్కన చూస్తారు. దానికి తగినంత బలం వచ్చేదాకా శ్లాబు కింద దాన్ని మోసే సెంట్రింగ్ పోట్లు అడవిలా నిలబెట్టి ఉంచుతారు. ఆ పోట్ల మధ్య బయటివాళ్లు తిరగకూడదు. అలాగని రంగులు వేసి, ఫాల్స్ సీలింగ్ మూసేశాక వెళితే చూడటానికి బావుంటుంది కానీ, మీరు ఏం చెప్పినా "ఇప్పుడు కుదరదండీ" అనే మాటే వస్తుంది. వాళ్లు చెప్పేది నిజమే. మూసిన గోడను తెరవాలంటే ప్లాస్టరింగ్, రంగు, వైరింగ్ అన్నీ మళ్లీ చేయాలి.

ఈ రెండింటికీ మధ్య కొన్నాళ్లు అనువైన సమయం దొరుకుతుంది. గదుల మధ్య గోడలు లేచి ఉంటాయి, గోడల్లో కరెంటు పైపులు, స్విచ్ బాక్సులు పెట్టి ఉంటారు, నీళ్ల పైపులు వేస్తూ ఉంటారు, పైన ఏసీ గాలి వెళ్లే గొట్టాలు (డక్టులు), కేబుల్ ట్రేలు ఇంకా కంటికి కనబడుతూ ఉంటాయి. గది ఆకారం తెలుస్తుంది, లోపలి నరాలన్నీ కనిపిస్తాయి, మార్చడానికి కొంత వీలూ ఉంటుంది. ప్రాజెక్టు ఇంజనీరును "ఫాల్స్ సీలింగ్ ఎప్పుడు మూస్తున్నారు?" అని అడిగి, ఆ తేదీకి మూడు నాలుగు వారాల ముందు వెళ్లేలా చూసుకోండి. రెండుసార్లు వెళ్లే అవకాశం ఉంటే రెండోది సామాను చేర్చే ముందు పెట్టుకోండి.

రోజులో ఏ వేళకు వెళ్తున్నారన్నది కూడా ముఖ్యమే. పడమటి గోడకు పెద్ద అద్దాలున్న తరగతి గదిని పొద్దున్నే చూస్తే ఏ ఇబ్బందీ కనబడదు. మధ్యాహ్నం మూడున్నరకు అదే గదిలో ఎండ నేరుగా బోర్డు మీద పడుతుంది.

రెండో అడుగు: ఎవరెవరు రావాలో తేల్చుకోండి

ప్రొఫెసర్లు మాత్రమే వెళ్లే బృందం సగమే చూస్తుంది. ల్యాబ్ టెక్నీషియన్, ఐటీ చూసే మనిషి, ఆఫీసులో ఫైళ్లు, పరీక్ష పేపర్లు భద్రపరిచేవాళ్లు, శుభ్రం చేసే సిబ్బందిలో ఒకరు, ఒకరిద్దరు విద్యార్థులు ఉండాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు. ఒక అంతస్తు మొత్తంలో బకెట్ నింపుకోవడానికి కుళాయి లేదని శుభ్రం చేసే మనిషికి నిమిషంలో తెలుస్తుంది. పదేళ్లుగా పాఠం చెబుతున్న నాకు తట్టదు.

ఒక్కో బృందంలో ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. అంతకు మించితే వెనక ఉన్నవాళ్లకు ఇంజనీరు మాట వినబడదు, ఎవరు ఎటు వెళ్లారో తెలియదు. ఇరవై మంది వస్తామంటే మూడు బృందాలు చేయండి, ఒక్కో బృందానికి ఒక అంతస్తు అప్పగించండి.

వీల్‌చెయిర్ వాడే సహోద్యోగి ఉంటే ఆయన్ని ముందే కలవండి. లిఫ్టు ఇంకా పెట్టని సైట్‌లో పై అంతస్తులకు ఆయన రాలేకపోవచ్చు, కానీ ఆయన అభిప్రాయం లేకుండా ఆ భవనం చూసినట్టు కాదు. ముందు రోజు డ్రాయింగ్ దగ్గర కూర్చుని ఆయన రోజూ వెళ్లే దారులు గీయించుకోండి. సైట్ నుంచి వీడియో కాల్ చేసి, ఆ దారులన్నీ నడుస్తూ చూపించండి. "అక్కడ ఆగండి, ఆ గడప ఎత్తు ఎంత?" అని ఆయన అడిగే ప్రశ్నలు మరొకరికి రావు.

మూడో అడుగు: వెళ్లేముందు ఒక గంట ఇంటిపని

ప్లాన్ కాగితాలు పెద్ద సైజులో ప్రింట్ తీసి, బృందమంతా ఒకసారి కూర్చోండి. ఫోన్‌లో పీడీఎఫ్ ఉంది కదా అనుకోవద్దు. సైట్‌లో ఎండలో స్క్రీన్ కనబడదు, దానిమీద పెన్నుతో గీయలేరు.

ముందు డ్రాయింగ్‌లోని గది నంబర్లు అలవాటు చేసుకోండి. మనం "సెమినార్ హాల్ పక్కది" అంటాం, కట్టేవాళ్లకు అది 2-14. మీరు రాసే ప్రతి మాటకూ ఆ నంబరే చిరునామా.

తర్వాత ప్రతి ఒక్కరూ తమ పనిలో ఒక మామూలు రోజును ఎంచుకోవాలి. పొద్దున వచ్చిన దగ్గర్నుంచి తాళం వేసే దాకా ఏం చేస్తారు, ఏ వస్తువు ఎక్కణ్నుంచి ఎక్కడికి మోస్తారు, దేనికి ప్లగ్ కావాలి, దేనికి నీళ్లు కావాలి అని పది లైన్లు రాసుకోండి. ల్యాబ్ వాళ్లు ఇంకొక పని చేయాలి: పెద్ద పరికరాల కొలతలు. వెడల్పు, లోతు, ఎత్తు, బరువు, ప్యాకింగ్ పెట్టెతో కలిపి. పరికరం గుమ్మంలో పట్టినా, పెట్టె పట్టక కారిడార్‌లో విప్పాల్సి రావడం మామూలే.

సంచిలో ఉండాల్సినవి కొన్నే. ఐదు మీటర్ల కొలత టేపు, మాస్కింగ్ టేపు రెండు చుట్టలు, చాక్‌పీసులు, టార్చి, పెన్నులు, ప్లాన్ కాగితాలకు అట్ట. సైట్‌లో లైట్లు ఉండవు కాబట్టి లోపలి గదులు, షాఫ్టులు (పైపులు పై నుంచి కిందికి వెళ్లే నిలువు సందులు) చూడటానికి టార్చి తప్పనిసరి.

నాలుగో అడుగు: గేటు దగ్గర

నడిచే దారులు, పని జరుగుతున్న చోట్లు అక్కడ రోజురోజుకూ మారిపోతుంటాయి. నిన్న నడిచిన చోట ఇవాళ గొయ్యి ఉండొచ్చు. కాబట్టి అనుమతి లేకుండా, సైట్ తరఫు మనిషి లేకుండా లోపలికి అడుగు పెట్టకండి. "మాకు తెలిసిన సైటే" అని ఆదివారం సాయంత్రం ఇద్దరు కలిసి వెళ్లి చూసి రావడం అసలే వద్దు.

హెల్మెట్, మెరిసే జాకెట్, గట్టి బూట్లు, అవసరమైన చోట కళ్లకు రక్షణ అద్దాలు అందరికీ ఉండాలి. చెప్పులు, శాండిళ్లతో వచ్చినవాళ్లను వెనక్కి పంపితే నొచ్చుకోవద్దు. సెంట్రింగ్ చెక్కల నుంచి ఊడిన మేకులు నేలమీద మొన పైకి తిరిగి పడి ఉంటాయి. పల్చటి అడుగు ఉన్న బూటులోంచి అవి సులువుగా దిగిపోతాయి. హెల్మెట్ కింద టోపీ పెట్టుకోవద్దు, లోపలి పట్టీ తలకు బిగుతుగా ఉండాలి. వంగితే జారిపోయే హెల్మెట్ పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే.

లోపల గుర్తుంచుకోవాల్సినవి:

- నేలమీద పరిచిన ప్లైవుడ్ ముక్కమీద కాలు వేయకండి. చాలాసార్లు దాని కింద పైపుల కోసమో, డక్టు కోసమో వదిలిన రంధ్రం ఉంటుంది.
- ఫొటో తీస్తూ వెనక్కి నడవకండి. ఆగండి, చుట్టూ చూడండి, తీయండి, ఆ తర్వాతే కదలండి. నాకు తెలిసి సైట్‌కు వచ్చే చదువుకున్నవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.
- పైన క్రేన్‌కు ఏదైనా వేలాడుతుంటే దాని కిందకు వెళ్లకండి. పరంజా కింద ఆగి మాట్లాడుకోకండి.
- పచ్చి కాంక్రీటు, సిమెంటు ముద్ద చేత్తో తాకకండి. దానికి క్షార గుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటి ఉంటుంది, చర్మం కాలుతుంది.
- వెళ్లేటప్పుడు ఎంతమందో లెక్కపెట్టండి. ప్రతి అంతస్తు దిగేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి.

ఐదో అడుగు: సామాను వచ్చే దారిలోనే మీరూ వెళ్లండి

ఇంజనీర్లు సహజంగా ముఖద్వారం నుంచి తీసుకెళ్లి చూపిస్తారు. మీరు మాత్రం "లారీ ఆగేది ఎక్కడ? అక్కణ్నుంచి మొదలుపెడదాం" అని అడగండి. లారీ దగ్గర్నుంచి మీ గది దాకా మీ దగ్గరున్న అతి పెద్ద వస్తువు ప్రయాణాన్ని మొత్తం నడవండి. దారిలో వచ్చే ప్రతి గుమ్మం కొలవండి. గోడలోని ఖాళీ కాదు, తలుపు పెట్టాక మిగిలే దారి కావాలి. చట్రం, తలుపు మందం, పూర్తిగా తెరుచుకోని రెక్క కలిసి ఆ ఖాళీలో చాలా సెంటీమీటర్లు తినేస్తాయి. కారిడార్ మలుపుల దగ్గర వెడల్పు ఒక్కటే కొలిస్తే చాలదు, పొడుగాటి పెట్టె అక్కడ తిరగాలి. మాస్కింగ్ టేపుతో నేలమీద పెట్టె ఆకారం అంటించి, ఇద్దరు రెండు చివర్లా నిలబడి మలుపు తిరిగి చూడండి, అనుమానం తీరిపోతుంది. లిఫ్టు ఇంకా రాకపోతే దాని లోపలి కొలతలు, తలుపు ఎత్తు, మోసే బరువు డ్రాయింగ్ నుంచి చెప్పమనండి.

ఈ నడకలోనే వీల్‌చెయిర్ దారి కూడా చూసేయండి. చాలా దేశాల నిబంధనల్లో ర్యాంపు వాలు 1కి 12 మించకూడదు, అంటే అర మీటరు ఎత్తు ఎక్కాలంటే ఆరు మీటర్ల ర్యాంపు కావాలి. వీల్‌చెయిర్ పూర్తిగా తిరగడానికి ఒకటిన్నర మీటర్ల వృత్తం ఖాళీగా ఉండాలి. టాయిలెట్‌లో, లిఫ్టు ముందు, ర్యాంపు మలుపులో చాక్‌పీసుతో ఆ వృత్తం గీయండి. కాగితం మీద సరిపోయిన చోట కూడా, తలుపు లోపలికి తెరుచుకుంటే ఆ వృత్తంలోకి వచ్చేస్తుంది. ఇలాంటిది కనబడితే తలుపు తెరుచుకునే దిశ మార్చమని అప్పుడే రాసుకోవాలి. ఈ దశలో అది చిన్న మార్పే.

ఆరో అడుగు: తరగతి గదిలో పాఠం చెప్పి చూడండి

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. భవనంలో ఎక్కువమంది ఎక్కువ గంటలు గడిపేది ఇక్కడే.

మొదటిసారి చూడగానే అందరూ "ఇంత చిన్నగా ఉందేంటి!" అంటారు. ఖాళీ గది, రంగు లేని గోడలు, కొలతకు ఆనవాలుగా ఒక్క వస్తువూ లేకపోవడం వల్ల కలిగే భ్రమ అది. కంటిని నమ్మకుండా టేపు తీయండి.

మేం చేసిన పద్ధతి చెబుతాను. డ్రాయింగ్‌లో వరుసకూ వరుసకూ మధ్య 90 సెంటీమీటర్లు అని ఉంది. నేలమీద మాస్కింగ్ టేపుతో మూడు బల్లలు గీశాం. పక్క గదిలో బోర్లించి ఉన్న ఖాళీ రంగు బకెట్లను అడిగి తెచ్చి కుర్చీల్లా వేసుకున్నాం. ఇద్దరు కూర్చున్నారు. మూడో ఆవిడ భుజానికి ల్యాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, వాళ్ల వెనకగా వరుస మధ్యకు వెళ్లడానికి ప్రయత్నించింది. రెండో బకెట్ దగ్గర బ్యాగు తగిలి ఆగిపోయింది. కూర్చున్నతను లేచి, బకెట్ ముందుకు జరిపి దారిచ్చాడు. మా ఆర్కిటెక్ట్ అక్కడే నిలబడి ఇదంతా చూశాడు. ఆ తర్వాత మేం వాదించాల్సిన అవసరమే రాలేదు. ఒక వరుస తగ్గించి మిగతావి సర్దారు.

చివరి వరుసలో కూర్చుని చూడాల్సింది బోర్డు, తెర. కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో ఉంటాయి. ఆ ఎత్తులో కూర్చుని చూస్తే పిల్లర్ ఏదైనా అడ్డొస్తోందా? బోర్డు కింది సగం ముందువాళ్ల తలల వెనక పోతోందా? తెరకు ఒక మోటు లెక్క ఉంది: చివరి వరుస దూరాన్ని ఆరుతో భాగిస్తే వచ్చేది తెర ఎత్తుకు కనీస కొలత. 12 మీటర్ల దూరంలో చివరి వరుస ఉంటే తెర ఎత్తు రెండు మీటర్లు ఉండాలి. తెర కిందంచు ముందువాళ్ల తలల పైన ఉండాలి, పైన సీలింగ్ రావాలి, మధ్యలో రెండు మీటర్లు మిగులుతాయా? సీలింగ్ ఏ ఎత్తులో వస్తుందో గోడమీద చాక్‌పీసుతో గీత గీయమనండి. ఆ గీత చూసినప్పుడే చాలామందికి గది అసలు ఎత్తు అర్థమవుతుంది.

ఇక శబ్దం. 1895లో హార్వర్డ్ యూనివర్సిటీలో ఫాగ్ ఆర్ట్ మ్యూజియం కొత్తగా తెరిచారు. అందులోని లెక్చర్ హాల్లో మాట్లాడితే ఎవరికీ అర్థం కాలేదు. ఏం చేయాలో చూడమని వాలెస్ సేబైన్ అనే కుర్ర భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రిళ్లు, బయటి సందడి సద్దుమణిగాక, ఆర్గన్ అనే వాద్యం తాలూకు ఒక గొట్టాన్ని మోగించి, ఆపిన తర్వాత ఆ మోత ఎంతసేపటికి వినబడకుండా పోతుందో కొలిచాడు. హార్వర్డ్‌లోనే ఉన్న శాండర్స్ థియేటర్ నుంచి సీటు మెత్తలు తెప్పించి, వాటిని పెంచుతూ తగ్గిస్తూ మళ్లీ మళ్లీ కొలిచాడు. ఖాళీ హాల్లో మోత ఐదు సెకన్లకు పైగా నిలుస్తోందని తేలింది. అంటే మొదటి మాట ఇంకా మోగుతుండగానే తర్వాతి మాటలన్నీ దానిమీద వచ్చి పడుతున్నాయి. గది పెద్దదయ్యేకొద్దీ మోత పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చే ఉపరితలం పెరిగేకొద్దీ తగ్గుతుంది అనే లెక్క ఆయన అక్కడే రాబట్టాడు. ఇవాళ భవనాల శబ్దశాస్త్రమంతా దానిమీదే నిలబడి ఉంది. ఒక యూనివర్సిటీ కొత్త భవనం పనికిరాకుండా పోవడం వల్ల పుట్టిన శాస్త్రం ఇది. అది గుర్తున్నందుకే తరగతి గదిలో నేను అందరికన్నా ఎక్కువసేపు నిలబడతాను.

అలాగని సైట్‌లో చప్పట్లు కొట్టి గదికి తీర్పు ఇవ్వకండి. వట్టి కాంక్రీటు గది ఎలాగూ మోగుతుంది. అడగాల్సింది వేరే ఉంది: సీలింగ్‌లో శబ్దాన్ని పీల్చే పలకలు ఉన్నాయా, వెనక గోడకు ఏం వేస్తున్నారు? ఖర్చు తగ్గించే పేరుతో ఆ పలకలను ఈ మధ్య ఎవరైనా తీసేశారా? ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి, చివరి నెలల్లో ముందుగా ఎగిరిపోయేవి ఇవే. చిన్న తరగతి గదికి మోత 0.6 సెకన్లకు మించకుండా, ఖాళీ గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ దాటకుండా ఉండాలన్నది అమెరికాలో పాఠశాలల తరగతి గదులకు పెట్టుకున్న ప్రమాణం. యూనివర్సిటీ గదికీ అది మంచి కొలబద్దే.

దాంతో పాటు పక్కనా, పైనా ఏముందో చూడండి. ఏసీ ప్లాంటు గది, లిఫ్టు మోటారు, టాయిలెట్ పైపుల షాఫ్టు తరగతి గది గోడకు ఆనుకుని ఉంటే ఆ గోడ గురించి ప్రత్యేకంగా అడగాలి. రెండు గదుల మధ్య గోడ శ్లాబు దాకా వెళ్లిందా, లేక ఫాల్స్ సీలింగ్ ఎత్తులోనే ఆగిపోయిందా అన్నది టార్చి వేసి చూడండి. గోడ మధ్యలో ఆగిపోతే పక్క తరగతి పాఠం సీలింగ్ మీదుగా మీ తరగతిలోకి దిగుతుంది. సీలింగ్ మూశాక అది ఎవరికీ కనబడదు, అందరికీ వినబడుతుంది.

ప్లగ్ పాయింట్ల సంగతి విద్యార్థులకు వదిలేయండి, వాళ్లే లెక్కపెడతారు.

ఏడో అడుగు: ల్యాబులు, లైబ్రరీ

ల్యాబులో ముందు భద్రతా పరికరాలు. కళ్లు కడుక్కునే కుళాయి, ఎమర్జెన్సీ షవర్ ప్రమాదం జరిగే చోటు నుంచి పది సెకన్లలో చేరేంత దగ్గరలో, దారిలో ఏ అడ్డూ లేకుండా ఉండాలి. నీళ్లు కనీసం పదిహేను నిమిషాలు ఆగకుండా రావాలి. మీ బల్ల ఉండబోయే చోట నిలబడి, కళ్లు మూసుకుని, సహోద్యోగి భుజం పట్టుకుని అక్కడికి నడవండి, పైకి లెక్కపెట్టండి. ఆ షవర్ కింద నీళ్లు పోవడానికి నేలలో జాలీ ఉందా, నేల వాలు అటే ఉందా అన్నది కూడా ఇప్పుడే చూడాలి.

ఫ్యూమ్ హుడ్ (రసాయనాల ఆవిర్లను బయటకు లాగేసే అర) ముందు గాలి సాధారణంగా సెకనుకు అర మీటరు వేగంతో లోపలికి వెళ్లేలా చూస్తారు. అది మెల్లటి ప్రవాహం. హుడ్‌ను తలుపు పక్కనో, ఏసీ గాలి నేరుగా కొట్టే చోటో, మనుషులు అటూ ఇటూ తిరిగే దారిలోనో పెడితే ఆ ప్రవాహం చెదిరి, లోపలి ఆవిర్లు మనిషి ముఖం మీదకు వస్తాయి. డ్రాయింగ్‌లో హుడ్ ఎక్కడుందో చూసి, పైన ఏసీ జాలీ ఎక్కడ వస్తోందో వేలుపెట్టి చూపించమనండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లాంటివి ఉన్నవాళ్లు కంపనాల గురించి, లిఫ్టు, ట్రాన్స్‌ఫార్మర్ ఎంత దూరంలో ఉన్నాయన్న దాని గురించి అడగాలి. అదిరే నేల, మారే అయస్కాంత క్షేత్రం రెండూ చిత్రాన్ని పాడుచేస్తాయి. ఫ్రీజర్ల గదికి జనరేటర్ కరెంటు వస్తుందా, ఆ ఫ్రీజర్లు బయటకు వదిలే వేడిని ఏసీ లెక్కలో కలిపారా అన్నవి మరిచిపోకండి.

లైబ్రరీ వాళ్లు అడగాల్సింది బరువు. మామూలు తరగతి గది నేలను చదరపు మీటరుకు 200 నుంచి 300 కిలోల లెక్కన కడతారు. నిండా పుస్తకాలున్న రాక్‌లకు 600 నుంచి 750 కిలోల దాకా కావాలి. "ఈ గది పెద్దగా ఉంది, రాక్‌లు ఇక్కడికి మార్చుకుందాం" అని సైట్‌లో నిలబడి అనుకోవడం తేలిక. ఆ మాట స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకుంటేనే.

ఐటీ మనిషికి ఒక లెక్క: రాగి నెట్‌వర్క్ కేబుల్ మొత్తం 100 మీటర్లు మించకూడదు, అందులో గోడల్లో వెళ్లేది 90. కేబుల్ ట్రే తిరిగే మలుపులన్నీ కలుపుకుంటే, చూపుకు 60 మీటర్లున్న గది కూడా హద్దు దగ్గరకు వచ్చేస్తుంది.

ఆఫీసు గదుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. తలుపు తెరిస్తే బల్లకు తగులుతుందా, స్విచ్ బోర్డు బీరువా వెనక పోతుందా చూసుకుంటే చాలు. ఎవరికి ఏ గది అన్న పంచాయితీ మాత్రం సైట్‌లో పెట్టకండి, దానికి వేరే మీటింగ్ పెట్టుకోండి. ఆ మాట మొదలైతే మిగతా గంటంతా అక్కడే పోతుంది.

ఎనిమిదో అడుగు: ఎవరితో ఏం మాట్లాడాలి

గోడ కడుతున్న మేస్త్రీతో "ఈ స్విచ్ కొంచెం ఇటు జరుపు బాబూ" అనకండి. పెద్ద చదువుల వాళ్లు చెప్పారని ఆయన జరిపేస్తాడు. డ్రాయింగ్ ఒకటి, గోడ ఇంకొకటి అవుతుంది. తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్‌కు లెక్క తప్పుతుంది, చివరికి మాట పడేది ఆ మేస్త్రీయే. అడగాల్సినవి అడగండి, మార్పులు మాత్రం నోటితో చెప్పకండి. బృందానికి ఒకరే ప్రతినిధి, సైట్ తరఫున ఒకరే ఇంజనీరు, మధ్యలో కాగితం. ఈ పద్ధతి దాటొద్దు.

పనివాళ్లను మాత్రం తప్పకుండా పలకరించండి. "ఇక్కడ చేయడానికి కష్టంగా ఉన్నది ఏది?" అని అడిగితే, "ఈ షాఫ్టులోకి చెయ్యి దూరట్లేదు సార్, రేపు పైపు కారితే గోడ పగలగొట్టాలి" లాంటి మాట వస్తుంది. అలాంటి మాట నోట్‌బుక్‌లో మొదటి పేజీకి ఎక్కాలి.

తొమ్మిదో అడుగు: మూసుకుపోయే వాటిని ఫొటో తీయండి

అనుమతి తీసుకుని ప్రతి గదిలో నాలుగు గోడలూ, పైకప్పూ తీయండి. ముందుగా గోడమీద చాక్‌పీసుతో గది నంబరు, దిక్కు రాయండి: "2-14 తూర్పు". కొలత టేపును నేల నుంచి నిలువుగా చాపి ఒకరు పట్టుకోవాలి. అప్పుడు ఫొటోలో పైపు ఏ ఎత్తులో వెళ్తోందో తెలిసిపోతుంది. ఐదేళ్ల తర్వాత అదే గోడకు బోర్డు బిగించడానికి డ్రిల్లు పట్టుకున్న మనిషికి ఈ ఒక్క ఫొటో నీళ్ల పైపు ఎక్కడుందో చెబుతుంది. మనుషుల ఫొటోలు దిగాలనిపిస్తే చివర్లో, బయటికొచ్చాక దిగండి. పనివాళ్ల ముఖాలు అడగకుండా తీయొద్దు.

పదో అడుగు: ఆ సాయంత్రమే కూర్చోండి

రేపు రాద్దామంటే సగం పోతుంది. బూట్ల దుమ్ము దులుపుకుని, అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని, నోట్సు ఒకచోట చేర్చండి. ప్రతి అంశానికీ గది నంబరు, ఏ గోడ, ఏం చూశాం, దానివల్ల ఏ పని ఆగుతుంది, ఫొటో నంబరు ఉండాలి. "ల్యాబ్ తలుపు చిన్నది" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. "3-07 తలుపులో మిగిలే దారి 86 సెం.మీ., ఫ్రీజర్ పెట్టె వెడల్పు 95, పట్టదు" అని రాస్తే ఇంజనీరు వెంటనే డ్రాయింగ్ తీస్తాడు.

తర్వాత వాటిని మూడు కుప్పలు చేయండి. డ్రాయింగ్‌లో ఒకటి ఉండి సైట్‌లో ఇంకొకటి ఉన్నవి మొదటి కుప్ప, వాటిని సరిచేయడం కట్టేవాళ్ల బాధ్యత. డ్రాయింగ్ ప్రకారమే కట్టినా మీ పనికి కుదరనివి రెండో కుప్ప. ఇవి మార్పులు, ఖర్చూ సమయమూ పడతాయి, ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. ఉంటే బావుండు అనిపించేవి మూడోది. మూడో కుప్పలోని వాటిని నిజాయితీగా మూడోదిగానే చూపించండి. అన్నీ అత్యవసరమని పంపితే, నిజంగా అత్యవసరమైన షవర్ కూడా కర్టెన్ల రంగు పక్కన చేరిపోతుంది.

రెండు రోజుల్లోపు ఆ జాబితాను ప్రతినిధి పేరుతో పంపండి. రెండో కుప్పలోని ప్రతి అంశానికీ అవుననో, కాదనో, ఏ తేదీలోగా అనో జవాబు అడగండి. కాదన్నవాటిని కొట్టేయకుండా కారణంతో సహా ఉంచండి. సామాను చేర్చే ముందు రెండోసారి వెళ్లేటప్పుడు అదే జాబితా, అదే కొలత టేపు పట్టుకుని, 3-07 గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెట్టండి.